ఏడో పంజరం సంగతి

చెల్లాయికి అన్నయ్య దీవెనలు.

ముందుగా నా రాత చూసి విసుక్కోకు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వదలాలో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. బడిలో నాకంటే మూడు తరగతులు ఎక్కువ చదివినదానివి, తప్పులు దిద్దుకుని చదువుకో. ఫోనులో మాట్లాడదామంటే నీకు గొంతు నొప్పి, నాకు నోట మాట రాదు. నిన్న సాయంత్రం ఫోను చేసింది నేనే. బావగారు ఎత్తారు. వానలు పడుతున్నాయా అని అడిగి పెట్టేశాను. అందుకని కాగితమే నయం.

ఇక్కడ మేమిద్దరం లేచి తిరుగుతున్నాం. నువ్వు కాస్త గంజైనా మింగగలుగుతున్నావని అనుకుంటున్నాను.

వదిన కన్ను ఎలా ఉందని అడిగావు. పొర తీసేశారు. ఇప్పుడు ఇంట్లో మూలమూలల దుమ్మంతా కనిపిస్తోందట. ఇన్నేళ్ళూ నేను ఊడ్చానని చెప్పినవన్నీ ఉత్తుత్తివేనని తేలిపోయింది అంటోంది. నవ్వుతూనే అంటోందిలే. రిటైరయ్యాక కూడా ఆ ఎలుకల దగ్గరికి ఎందుకు పోతున్నావని అడిగావు. మొన్నటిదాకా పోయాను. ఇప్పుడు పోవడం లేదు. ఎందుకో కింద రాస్తాను.

నువ్వు అడిగిన మూడో మాటకే జవాబు రాయలేక నాలుగు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. నీ ఉత్తరం జేబులోనే ఉంది. "వచ్చే నెల నుంచి గొంతులో గడ్డకు కరెంటు పెడతారు అన్నయ్యా. కరెంటు వల్ల నోరూ గొంతూ పాడవకుండా కొత్త మందు పరీక్ష చేస్తున్నారట. ఇష్టమైతే ఇరవయ్యో తేదీలోగా సంతకం పెట్టమన్నారు. ఆ కాగితాల్లో మీ సంస్థ పేరు ఉంది. నువ్వు సాకిన ఎలుకల మీద చూసిన మందేనట. మీ బావగారు భయపడుతున్నారు. మా అన్నయ్య చేతుల మీదుగా వచ్చిన మందుకు భయమేమిటి అన్నాను. నువ్వు మంచిదంటే పెట్టేస్తాను" అని రాశావు.

మా పని ఎలా ఉంటుందో నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు అడిగినా ఎలుకలకు మేత వేస్తాను అనేవాణ్ణి. మా దగ్గర నేలమాళిగలో ఒక పెద్ద యంత్రం ఉంది. అందులోంచి కంటికి కనపడని కిరణం వస్తుంది, నీకు పెడతామన్న కరెంటు లాంటిదే. పొద్దున పూట లోహాల వాళ్ళు ఎముకల్లో వేసే రేకులూ మరలూ తెచ్చి దాని ముందు పెడతారు, ఎంతకాలానికి పెళుసు బారతాయో చూస్తారు. మధ్యాహ్నం నా ఎలుకలు. కిరణం ఎంత వదలాలో లెక్క చూసేది భౌతికశాస్త్రం సారు. మేము లెక్కల సారు అంటాం. మందు ఇచ్చి, ఎన్ని బతికాయో చూసేది డాక్టరమ్మ. వాటికి మేతా నీళ్ళూ పెట్టేది నేను. నన్ను అక్కడ ఎలుకల తాత అంటారు. అలా అనడం మొదలుపెట్టేనాటికి నాకు నలభై ఏళ్ళు కూడా లేవు.

తొమ్మిదేళ్ళ కిందట ఈ మందు మొదటిసారి చూశారు. ఎనిమిది పంజరాలు. పంజరానికి మూడు ఎలుకలు. అన్నిటికీ కరెంటు పెట్టారు. మొదటి నాలుగు పంజరాలకు మందు లేదు. ఐదు నుంచి ఎనిమిది దాకా మందు ఇచ్చారు. నెల రోజులు చూడాలి.

పంజరం మీద నీళ్ళ సీసా తలకిందులుగా పెడతాం. సీసా మూతికి సన్నటి గొట్టం ఉంటుంది. అందులో గాలి బుడగ అడ్డం పడితే సీసా నిండా నీళ్ళున్నా చుక్క దిగదు. అందుకని పెట్టగానే గొట్టం చివర వేలితో తట్టి, వేలికి చుక్క అంటుకుంటేనే చెయ్యి తియ్యాలి. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ఇది నేర్పింది నేనే. తట్టనివాణ్ణి తిట్టేవాణ్ణి కూడా.

వరసగా మూడు రోజులు సెలవులు వచ్చాయి. ముందురోజు ఎనిమిది సీసాలూ నింపి పెట్టాను. ఏడో దానికి తట్టలేదు. ఎందుకని అడిగితే చెప్పడానికి కారణం లేదు. తొందర లేదు. ఒంట్లో బాగోకపోవడం లేదు. తట్టలేదు, అంతే.

నాలుగో రోజు పొద్దున తలుపు తీసేసరికి ఏడో పంజరంలో మూడూ పడి ఉన్నాయి. పైన సీసా నిండుగా ఉంది.

చెల్లాయీ, అప్పుడు నేను చేసిన పని ఇది. పక్క గదిలో కరెంటు ముట్టని ఎలుకలు వేరే ఉన్నాయి. అదే ఈడువి. వాటిలో మూడు తెచ్చి, చచ్చినవాటి చెవులకు గుర్తు కోసం ఎలా గాట్లు ఉన్నాయో అలాగే వీటికీ పెట్టి, ఏడో పంజరంలో వేశాను. చచ్చినవాటిని పంజరాల్లోంచి తీసిన పొట్టు పారేసే సంచిలో కట్టి, చెత్త కాల్చే బట్టీకి పంపేశాను. సీసా తట్టాను. చుక్క పడింది.

అవి కరెంటుకు చావలేదు, మందు పనిచెయ్యక చావలేదు, నీళ్ళు లేక చచ్చాయి, అలాంటప్పుడు మందుకు చెడ్డపేరు రావడం అన్యాయం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట తర్వాత తోచింది. ముందు తోచింది ఉద్యోగం పోతుందని.

బుధవారం తూకం వేశారు. మిగతావి చిక్కి సగమయ్యాయి. ఏడో పంజరంలోవి నున్నగా ఉన్నాయి. లెక్కల సారు నవ్వి, "ఏం తాతా, వీటికి అత్తారింటి భోజనం పెడుతున్నావా, అల్లుళ్ళలా ఉన్నాయి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డాక్టరమ్మ ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా అరచేతిలో పెట్టుకుని చూసింది. ఆవిడ మొహంలో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత అచ్చయిన వ్యాసంలో చివర, సాయం చేసినవాళ్ళలో నా పేరు కూడా వేయించింది. దాన్నే నీకు పంపాను. నువ్వు అద్దం కట్టించి గోడకు పెట్టావు.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు డాక్టరమ్మ గది బయట బల్ల మీద కూర్చుని లేచి వచ్చేశాను. మూడోరోజు ఆవిడే తలుపు తీసి, "ఏంటి తాతా, పింఛను ఏమైనా ఆగిందా?" అంది.

"లేదమ్మా. ఏడో పంజరం."

"ఏ ఏడో పంజరం?"

చెప్పాను. నాకు చెప్పడం రాదు కదా, నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఆవిడ లేచి బీరువాలోంచి పాత నోటుబుక్కు తీసింది. ఏడో పంజరం గడిలో నా చేత్తో పెట్టిన టిక్కులు ఉన్నాయి, ముప్ఫై రోజులవీ. వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదమ్మా."

"అడక్కపోతే చెప్పవా తాతా?" అంది. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

తర్వాత కాగితం తీసి లెక్క వేసింది. మందు ఇచ్చిన పన్నెండులో పది బతికాయని రాశారట. మందు లేని పన్నెండులో ఐదు. ఇప్పుడు నా మూడూ తీసేస్తే తొమ్మిదిలో ఏడు. "అయితే మందు పనిచేస్తుందా అమ్మా?" అని అడిగాను. "చేస్తుందేమో. కానీ అంత గట్టిగా చెప్పడానికి లేదు. ఆ పది చూసే కదా అందరూ ముందుకు వచ్చింది. తర్వాత వేరేచోట్ల చేసినవాళ్ళలో కొందరికి బాగా వచ్చింది, కొందరికి అంతంత మాత్రం. అంతంత మాత్రం వచ్చినవాళ్ళు ఏదో పొరపాటు చేసి ఉంటారని నేనే అన్నాను" అంది. ఆ మాట అని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

అప్పుడు నీ సంగతి చెప్పాను. ఆవిడ లెక్క వేసిన కాగితం పక్కకు పెట్టి, "మీ చెల్లెలికి మీరే చెప్పండి. ఈరోజే చెప్పండి" అంది. ఎప్పుడూ నువ్వు అనేది, మీరు అంది.

నాచేత జరిగిందంతా రాయించుకుని సంతకం పెట్టించుకుంది. పరీక్ష నడిపేవాళ్ళకు పంపుతుందట. వాళ్ళు తేల్చడానికి వారాలు పడతాయట. ఎలుకల గది తాళంచెవి నేను అడక్కుండానే ఇచ్చేశాను. వదినకు ఆ రాత్రే చెప్పాను. అన్నం ముందు కూర్చుని, "చెల్లెలికి రాశావా?" అని ఒక్కమాట అడిగి, నేను రాయలేదంటే లేచి వెళ్ళిపోయింది.

నువ్వు తెలుసుకోవలసినవి డాక్టరమ్మను అడిగి రాసుకున్నాను. సంతకం పెట్టినా పెట్టకపోయినా కరెంటు మామూలుగానే పెడతారు. అది ఆగదు. మందు కూడా అందరికీ ఇవ్వరు, సగం మందికి ఉత్త నీళ్ళే ఇస్తారు, ఎవరికి ఏది ఇచ్చారో చెప్పరు. ఈ ఉత్తరం అందేలోపే నువ్వు సంతకం పెట్టేసి ఉంటే, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. ఎందుకని ఎవరూ అడగకూడదట. ఈ ఉత్తరం మీ డాక్టరుకు చూపించు. నా పరువు సంగతి చూసుకోకు. ఆ మందు మనుషులకు చెరుపు చేస్తుందా అనీ అడిగాను. ఇప్పటిదాకా చేసినట్టు లేదంది. మేలు చేస్తుందా అంటే మాత్రం తెలియదంది.

నేను మంచిదంటే పెట్టేస్తానన్నావు. మంచిదని నేను అనలేను తల్లీ. చెడ్డదనీ అనలేను. ఆ మందు మీద మాట చెప్పే అర్హత ఈ లోకంలో ఎవరికైనా ఉంటుందేమో, నాకు లేదు. నువ్వూ బావగారూ మీ డాక్టరూ కూర్చుని ఏదనుకుంటే అది చెయ్యండి. నా మాట మీద మాత్రం చెయ్యకు.

ఇరవయ్యో తేదీకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. దీన్ని రిజిస్టరు చేయిస్తున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టు. ఇక రాయవద్దనిపిస్తే ఆ మాటే రాయి. ఏం రాసినా నీ చేత్తోనే రాయి చెల్లాయీ, రెండు ముక్కలైనా చాలు. కవరు మీద బావగారి రాత కనిపిస్తే దాన్ని విప్పే ధైర్యం నాకు లేదు. అందిన రోజే జవాబు వెయ్యి.

ఇట్లు
నీ అన్నయ్య