నీడరాజు చాప

సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున బమ్రోలి మగ్గాల బస్తీలో నీ సండే స్కూలుకు వెళ్లాను. నువ్వు అల్లిన కథలోని దుర్మార్గుడు నీడరాజుకు పిల్లలు ఇంకా గోడవారగా ఒక చాప వేస్తున్నారు. చెడ్డవాడు కూడా వారం వారం ప్రార్థన వింటే ఎప్పటికైనా మారతాడని నువ్వు నేర్పిన అలవాటు అది. అప్పట్లో నేను నవ్వేవాణ్ణి.

కొత్త టీచరమ్మకు అది నచ్చలేదు. "సైతానుకు చాపేంది? తీసెయ్యండి" అంది.

మగ్గం కార్మికుడి కూతురు, ఏడేళ్ల లత, చాప అంచు పట్టుకుంది. "వద్దు టీచర్. ఆయన ఇంకా మారలే. చాప తీస్తే మా పక్కకొచ్చి కూసుంటడు."

"సరే, ఈ ఒక్క వారమే" అంది టీచరమ్మ.

గంటసేపు ఆ చాపనే చూశాను. దాని మీద ఎవరూ కూర్చోలేదు. ఆ మూలకు కిటికీ లేదు, ఎండ పడదు. పిల్లలు వెళ్లాక చుట్టబోతూ దాని మీద చెయ్యి పెట్టాను. పిల్లలు కూర్చుని లేచిన చాపల్లాగే అదీ వెచ్చగా ఉంది.

ముప్పై ఏళ్లు వార్తలు రాశాను. దీనికి కారణం మాత్రం నాకు దొరకలేదు.

వచ్చే వారం కూడా చాప వేయించమని టీచరమ్మను అడిగాను.

"మీరు కూడానా సార్? ఎందుకు?"

"వింటున్నాడమ్మా" అన్నాను.