కుండపోత

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. మొన్నటి వానకు కొట్టం ముందు ఆరబెట్టిన పచ్చి కుండలన్నీ కరిగిపోయాయని విని, "ఇంకెందుకు ఈ కుమ్మరి పని అన్నయ్యా, సారె తీసేసి కొట్టాన్ని ప్లాస్టిక్ బకెట్ల దుకాణానికి అద్దెకిద్దాం" అని రాశావు.

ఆ వానలో నేనూ మీ వదినా గుమ్మంలో నిలబడ్డాం. దారినపోయేవాళ్ళు "కుండపోతరా నాయనా" అంటూ పరుగెత్తారు. మీ వదిన నవ్వింది. "నిండు కుండ బోర్లించినట్టు కురుస్తుందనేగా ఆ మాట. బకెట్‌పోత అని ఒక్కరైనా అన్నారా?" అంది. నాకు మాట్లాడడం రాదు. ఆమె మాటే నా మాట.

కరిగినవి పచ్చి కుండలే. మట్టి ఎక్కడికీ పోలేదు. మళ్ళీ తొక్కి సారె మీదికి ఎక్కించాను. కొట్టం ఇవ్వను. ఆ సంగతి దుకాణంవాడికి నువ్వే చెప్పు, నాకు మొహమాటం.

మీ అన్నయ్య