అరవై రెండు నుంచి ఒకటికి

నేరేడ్‌మెట్, జూన్ 3

బ్రహ్మచారి గారికి,

పెన్షనర్ల దవాఖానా నుంచి డాక్టర్ ప్రిసిల్లా నమస్కారాలు. మీ పెన్షనర్ కార్డు మీద ఇచ్చిన రక్తంలో పీఎస్ఏ అరవై రెండు వచ్చింది. నాలుగైదు దాటితేనే మేం కంగారుపడతాం. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందేమో చూడాలి. రక్తం ఒక్కటే తేల్చదు, స్కానింగూ ముక్క పరీక్షా కావాలి. వెంటనే రండి.

మీ మేలు కోరే,
ప్రిసిల్లా

తా.క. ఫోన్ చేస్తే "కాయితం పంపుండ్రి" అన్నారట. పంపాను.

ఏ.ఎస్. రావు నగర్, జూన్ 7

గౌరవనీయులైన డాక్టరమ్మ గారికి,

ముప్పై ఒక్క ఏళ్లు డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి, కాయితం ఉంటేనే నమ్ముతాను. కానీ నాకు ఏ జబ్బూ లేదు. మూడంతస్తులు గబగబా ఎక్కుతాను. నడుము నొప్పీ, మాటిమాటికీ బాత్రూమూ అల్వాల్‌లో ఉండే మా బావమరిది ఓంప్రకాశ్‌కి. మందులు రాసిస్తే తీసుకుంటాను.

విధేయుడు,
బ్రహ్మచారి

తా.క. స్కానింగ్ దగ్గర ముఖం కూడా చూస్తారా, కార్డు చూపిస్తే చాలా?

నేరేడ్‌మెట్, జూన్ 12

బ్రహ్మచారి గారికి,

తన జబ్బుని బావమరిదికి అంటగట్టే పేషెంటుని ఇప్పుడే చూస్తున్నాను. ముఖమూ చూస్తారు, వేలిముద్రా తీసుకుంటారు. ముందు నా ఎదుట ఇంకోసారి రక్తం ఇవ్వండి. రాకపోతే మీ కార్డు వెరిఫికేషన్‌కి పంపిస్తాను.

కోపంగా, అయినా మీ మేలు కోరే,
ప్రిసిల్లా

తా.క. మీ ఆవిడ బాలమ్మ గారికి ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో నా తమ్ముడా!" అని గొల్లుమన్నారు. పాపం, దుఃఖంలో మాట తడబడింది. ఓదార్చండి.

నేరేడ్‌మెట్, జూన్ 24

బ్రహ్మచారి గారికి,

మీ రెండో రిపోర్టు ఒకటి పాయింట్ ఒకటి! మందు లేకుండా ఇంతలా దిగదు. మొదటిసారి ల్యాబ్‌లో శాంపిల్ తారుమారైందని తేల్చి, ఆ రిపోర్టు రద్దు చేశాం. కాయితం జతచేశాను. టెక్నీషియన్ యేసురాజుకి మెమో ఇచ్చాను.

క్షమాపణలతో,
ప్రిసిల్లా

తా.క. మీ బావమరిదిని అన్యాయంగా ఇందులోకి లాగారు. ఆయనకి నా సారీ చెప్పండి.

ఏ.ఎస్. రావు నగర్, నవంబర్ 19

డాక్టరమ్మ గారికి,

మొదటి రక్తం ఓంప్రకాశ్‌ది. మిక్సీలు బాగుచేసుకునేవాడికి కార్డు ఎక్కడిది? నాది ఇచ్చి, నా పేరు చెప్పుకోమన్నాను. మీరు వెరిఫికేషన్ అనేసరికి కార్డు పోతుందని హడలిపోయి, రెండోసారి నా చెయ్యి చాపాను. మీ రద్దు కాయితం వాడికీ బాలమ్మకీ చూపించి, ల్యాబ్ వాళ్లే పొరపాటు పడ్డారని చెప్పాను. "బతికిచ్చినవ్ బావా, జెర పరేషాన్ అయిన" అని నవ్వి చాయ్ తాగించాడు. సిగ్గులేకుండా తాగాను.

పోయిన వారం లేవలేకపోతే పెద్దాసుపత్రిలో చేర్చాం. పీఎస్ఏ ఇప్పుడు నాలుగొందల పది. ఎముకల్లోకి పాకిందన్నారు. బాలమ్మ నాతో మాట్లాడటం లేదు.

ఎంత వేగంగా పెరిగిందో చూడటానికి అక్కడి డాక్టరు పాత రిపోర్టు అడుగుతున్నాడు. దయచేసి ఆ అరవై రెండుని వాడి పేరు మీద ఇప్పించండి. యేసురాజు తప్పేం లేదు. ఆ మెమో నాకివ్వండి.

తలెత్తుకోలేని,
బ్రహ్మచారి

తా.క. కార్డు ఇందులోనే పెట్టాను. ఓంప్రకాశ్‌కి ఇంకా నిజం చెప్పలేదు. మంచం మీద నుంచే మీ యేసురాజుని తిడుతున్నాడు. వచ్చిన వాళ్లందరితో "మా బావ దేవుడు, కార్డు సుత ఇచ్చిండు" అంటున్నాడు.