సి డ్రైవ్‌లో శ్రీధర్ ఫోన్

జూలై 8, మంగళవారం
లాప్‌టాప్‌లో సి డ్రైవ్ మీద మళ్ళీ ఎర్రగీత. జాగా లేదంటోంది. నిన్ననే పాత సినిమాలన్నీ తీసేశాను, రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను. అయినా అంతే. ఏం తింటోందో...

జూలై 9
ఈ వారం ఇంట్లో నేను మాట్లాడింది ఒక్క కొరియర్ అతనితోనే. రెండు మాటలు.

జూలై 10, గురువారం
ఏ ఫోల్డర్ ఎంత ఉందో గళ్ళుగా చూపించే ప్రోగ్రాం ఒకటి వేశాను. తెరలో మూడో వంతు ఒకే గడి. డెబ్బై రెండు జీబీ. కనబడకుండా దాచిన ఫోల్డర్లో, దాని లోపల ఇంకో దాంట్లో — ఫోన్ బ్యాకప్. నాది కాదు. డిలీట్ నొక్కబోతూ పేరు చదివాను. ‘శ్రీధర్ ఫోన్’.

ఇక్కడ నాతో ఉన్నప్పుడు ఛార్జింగ్ కోసం నా లాప్‌టాప్‌కే తగిలించేవాడు. అప్పుడు దానంతట అదే ఎక్కి ఉంటుంది. తేదీ చూశాను. రెండేళ్ళ కిందటి ఆ వానకి నాలుగు రోజుల ముందు.

జూలై 11
ఆ వాన రోజు షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళు. బండి ఆగిపోయింది. శ్రీధర్ తోస్తూ ఫోన్ నా చేతికిచ్చాడు. “జాగ్రత్తరా.” జారిపోయింది. గంటసేపు ఇద్దరం ఆ నీళ్ళలో తడిమాం. దొరికింది గానీ మళ్ళీ వెలగలేదు.

వాళ్ళమ్మ పోయి అప్పటికి మూడు నెలలు. ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ అందులోనే. “మా అమ్మ గొంతురా అది” — అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నెల తిరక్కుండా పెరంబూరులో గది చూసుకున్నాడు. ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. వెళ్ళి రెండేళ్ళు.

జూలై 12, శనివారం
ఆ బ్యాకప్ తెరవబోయాను. పాస్‌వర్డ్ అడిగింది. మంచిదే అయింది. ఆవిడ గొంతు వాడికంటే ముందు నేను వినడం ఏమిటి?

మెట్ల దగ్గర ఇంటి ఓనరు సరోజమ్మగారు పట్టుకున్నారు.
“ఏంపా, ఇంకా ఒక్కడివే వండుకుంటా ఉండావా? ఆ శ్రీధర్ పోయిన నెల వచ్చినాడే, ఏదో పోస్టు ఈడికి వచ్చిందని. నువ్వు బాగుండావా అని అడిగినాడు.”
“పైకి రాలేదేమండీ?”
“రమ్మంటిని. ఆడనే నిలబడి మీ తలుపు దిక్కు చూసి పోయినాడు, పాపం.”

జూలై 13
నంబరు తీయడం, పెట్టేయడం. మూడుసార్లు.

జూలై 16, బుధవారం
చేశాను. ఎత్తాడు. చెప్పాల్సిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అవతల రైలు కూత...
“అందులో ఉంటాయంటావా?”
“తెలీదురా. లాక్ ఉంది.”
“ఏం పెట్టానో గుర్తులేదు... ఆదివారం వస్తా. దాన్ని ముట్టుకోవద్దు.”

జూలై 17
ముట్టుకోలేదు. జాగా కోసం నా కోర్సు వీడియోలు తీసేశాను.

జూలై 20, ఆదివారం
వచ్చాడు. సన్నబడ్డాడు. నా మొహం చూడకుండానే చెప్పులు విప్పాడు. టీ పెట్టాను, తాగలేదు. ఒక పాస్‌వర్డ్ కొట్టాడు — కాదంది. ఇంకోటి — కాదంది. మూడోది సగం కొట్టి ఆగాడు. “కాసేపు బయట ఉంటావా?”

బాల్కనీలో నిలబడి రాస్తున్నాను. తలుపు వేసుకున్నాడు. కీబోర్డు చప్పుడు ఆగి చాలాసేపయింది. లోపలి నుంచి ఏ గొంతూ లేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాడేమో. అసలు లాక్ తెరుచుకోలేదేమో...