వెనక బెంచీ గురించి నీ ప్రశ్న

గంగా,

నువ్వు చనిపోయినప్పటి నుంచి మన బి.ఎడ్. బ్లాగులో నేనేమీ రాయలేదు. ఈ రోజు పెనుకొండ బడిలో మొదటి పాఠం చెప్పిన షాహీన్, ధర్మవరం నుంచి వచ్చే మన జూనియర్, అందులో ఇలా రాసింది: "పాఠం సగంలోనే ఆపేశాను. నేను టీచరుగా పనికిరాను. రేపు పోను." కింద అందరూ ధైర్యంగా ఉండమన్నారు.

హిందూపురంలో నా మొదటి పాఠం రోజు నేనూ అదే రాశాను. నువ్వొక్కదానివే ధైర్యం చెప్పలేదు. "అది ఉండనీలే మే, వెనక బెంచీ పిల్లోల్లు ఏం చేస్తాండిరి?" అని అడిగావు. నీ మీద కోపమొచ్చింది. కానీ జవాబు నాకు తెలియలేదు. అది చూడ్డానికే మర్నాడు మళ్లీ తరగతికి వెళ్లాను.

ఇందాక షాహీన్ రాసిన దాని కింద నీ ప్రశ్నే రాశాను.

"చూసుకోలేదక్కా," అంది. "రేపు చూసి చెప్తా."