ఇద్దరికి పోసిన నీళ్లు

గురువారం రాత్రి, రాయచూరు

ఈ చెయ్యి మాట వినదు, ఏం చేస్తాం! నా ఒక్కడికే నూడుల్స్ సూప్ చేసుకుందామని మొదలుపెడితే, నీళ్లు మళ్లీ ఇద్దరికి పోసింది. నీళ్లు ఎక్కువయ్యాయి కదా అని ఇంకో ప్యాకెట్ వేశాను. అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి, పల్లీల పొడి కలిపి, నిమ్మకాయ పిండాను. మొదటి గుటకకే ముక్కూ కళ్లూ ఏకమయ్యాయి. చల్లార్చుకుందామంటే ఇంట్లో పెరుగు లేదు.

ఏటా ఈ నెలంతా పాలు, పెరుగు, నెయ్యి ముట్టకపోవడం నా భార్య సరోజ నియమం. ఆమె పోయాక వచ్చిన మొదటి ఏడు ఇది. నియమం నేనెందుకు పట్టానో నాకే తెలియదు. పొద్దున పక్క దుకాణం ఖాజా చాయ్ తెప్పిస్తే వద్దన్నాను.

"ఏందన్నా, వదినె ఉన్నప్పుడు గీ నెలల నా దుకాణంల దాక్కోని తాగేటోనివి గద!"

"అప్పుడు పట్టుకునేటామె ఉండె ఖాజా. గందుకే మజా ఉండె."

వాడు నవ్వలేదు. నా మాటకు ఖాజా నవ్వకపోవడం ఇదే మొదలు.

రెండో గిన్నె పొయ్యి పక్కనే ఉంది. వాడి ఇల్లూ గోడ అవతలే. పిలవొచ్చు. పిలిస్తే, ఒక్కడినే తినలేకపోతున్నానని తెలిసిపోతుంది. ఎక్కువైంది, పారేయలేక పిలిచానని చెబితే...

"ఓ శీనన్నా! నీ కారం ఘాటుకు మా ఇంట్ల అందరం తుమ్ముతున్నం. ఒక్కనివే తింటున్నవా ఏంది?"

గోడ అవతల నుంచి ఖాజానే. గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది, నిమ్మకాయ ఇంకో చెక్క మిగిలే ఉంది. మిగతాది తర్వాత రాస్తాను, ముందు వాణ్ని పిలవాలి.