రమణ ఫోల్డర్

రమణన్నా,

ప్రోగ్రాంలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చాలని మనిద్దరం మొదలుపెట్టిన కంపైలర్ తొలి ట్రయల్ వెర్షన్‌ను ఈ ఉదయం సూర్యాపేట నుంచి అందరికీ ఉచితంగా వదిలాను. నువ్వు పోయాక నీ లాప్‌టాప్‌లోనే పూర్తిచేశాను. అందులోనే ఎన్నోసార్లు పరీక్షించాను. "వేరేటోళ్ల లాప్‌టాప్‌ల జర నడిపి సూడు తమ్మీ, గప్పుడే బయట పెట్టు" అనేవాడివి. కంగారులో అదొక్కటే మరిచాను.

మధ్యాహ్నం కోదాడ నుంచి ఒక లెక్చరర్ ఫోన్ చేసింది.

"మీ కంపైలర్ నడవట్లేదండీ. రమణ ఫోల్డర్ కనబడట్లేదని ఆగిపోతోంది. ఎవరండీ రమణ?"

కావలసిన ఫైళ్ల కోసం అది ఇంకా నీ ఫోల్డర్‌నే వెతుకుతోంది. నీ లాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా నడవదు. ఇప్పుడు మిర్యాలగూడ వాళ్లూ ఫోన్లు చేస్తున్నారు. ప్రోగ్రాంలో నీ పేరున్న ఆ ఒక్క లైను చెరిపేస్తే చాలు, అందరికీ నడుస్తుంది.

చేతులు రావడం లేదన్నా.